అవ్వ పక్కన చోటు

దొడ్డికి పోయినప్పుడల్లా కొమురవ్వకు నెత్తురు పడబట్టి ఏడాది దాటింది. అవి మొలలే అనుకుంది. ఊళ్లో అందరూ అదే అన్నారు. పసరు తాగింది, కారం మానేసింది, మజ్జిగన్నం మీద బతికింది. భర్త లక్ష్మీరాజం దుబాయిలో ఉన్నాడు. పొలం, ఎడ్లు, అత్త శంకరవ్వ, ఐదేళ్ల కూతురు జమున. ఇంత సంసారం చూసుకునే మనిషికి తన కడుపు సంగతి తలుచుకునే తీరిక లేకపోయింది. ఆమెకు ఇంకా ముప్పై నిండలేదు.

పందొమ్మిది వందల ఎనభై ఏడు ఎండాకాలంలో కడుపు రాయిలా బిగుసుకుపోయి, తాగిన నీళ్లు కూడా వాంతి అవుతుంటే, అన్న బుచ్చిరాములు జీపు మాట్లాడి సుల్తానాబాద్ మీదుగా కరీంనగర్ తీసుకుపోయాడు. అక్కడి డాక్టరు చూసి వెంటనే హైదరాబాద్ పొమ్మన్నాడు.

పెద్దాసుపత్రిలో కడుపు కోశారు. తెలివి వచ్చి చూసుకుంటే పొట్టకు ఎడమ పక్కన ఎర్రటి రంధ్రం, దానికి కట్టిన సంచి. ఇకమీద దొడ్డికి అందులోకే వస్తుందని చెప్పి, సంచి మార్చడం నర్సు నేర్పింది.

"గడ్డ తీసేసిన్రు చెల్లె. ఇగ ఫికర్ లేదు" అన్నాడు బుచ్చిరాములు. ఆ మాట కిటికీ వైపు చూస్తూ అన్నాడు.

తిరుగు ప్రయాణంలో బస్సు సిద్దిపేటలో ఆగింది. చాయ్ తెచ్చిన అన్న చేయి పట్టుకుంది కొమురవ్వ.

"నా మొఖం చూసి చెప్పు. డాక్టరు ఏమన్నడు?"

"చెప్పిన గదా, గడ్డని."

"జమున మీద ఒట్టన్నా."

బుచ్చిరాములు బస్సులో అందరి ముందూ ఏడ్చాడు. "క్యాన్సరట చెల్లె. పేగుల పుట్టి కార్జానికి పాకిందట. అంతా తియ్యరాలేదట. ఇంజెక్షన్లు ఉన్నయన్నడు... చూద్దామన్నడు."

ఆమె చేతిలోని చాయ్ ఒలికి చీర తడిసింది. కాలిన సంగతి కూడా తెలియలేదు. జమున ఆమె కడుపు మీద కాలు వేసుకుంటే గానీ నిద్రపోదు. ఆమె కలిపి పెడితేనే తింటుంది. రేపు తను లేకపోతే ఆ పిల్ల ఎవరిని పట్టుకుని పడుకుంటుంది? చావు కంటే ముందు ఆ భయమే వచ్చి గుండెల మీద కూర్చుంది. ఊరు వచ్చేలోగా ఒక నిర్ణయం చేసుకుంది. పిల్లకు ఇప్పటి నుంచే తను లేకుండా అలవాటు చేయాలి.

"అత్తకు చెప్పకు" అంది అన్నతో.

ఇంట్లో అడుగుపెట్టగానే జమున ఉరికి వచ్చి నడుముకు చుట్టుకోబోయింది. కొమురవ్వ చేయి అడ్డం పెట్టింది.

"ఆగు. నా కడుపుకు పుండున్నది. ఇగ నా పక్కన పండద్దు. బాపమ్మ దగ్గర పండు" అని అత్త వైపు చూపింది.

ఆ రోజు నుంచి తల దువ్వలేదు. అన్నం తినిపించలేదు. పిల్ల దగ్గరికి వస్తే పొమ్మని కసిరింది. జమున ఏడుస్తుంటే గోడ వైపు తిరిగి కొంగు నోట్లో కుక్కుకునేది.

"ఏందే గిది? పసిపిల్లనే అది" అంది శంకరవ్వ.

"నేర్చుకోనియ్యి అత్తా."

తన భయం తనకు చాలానే ఉంది. పూటంతా సంచి ఖాళీగా ఉంటే పేగు మళ్లీ మూసుకుందేమోనని ముద్ద ముట్టేది కాదు. కుడి డొక్కలో, కాలేయం ఉన్న చోట, చిన్న పోటు వస్తే, గడ్డ ఎంత పెరిగిందోనని వేళ్లతో నొక్కి నొక్కి చూసుకునేది.

ఒక మధ్యాహ్నం జమున కనపడలేదు. వాకిట్లో లేదు, పక్కింట్లో లేదు. "బాయి దిక్కు పోయిందేమోనే!" అని శంకరవ్వ కేక వేసింది. కొమురవ్వ కుట్లు ఇంకా మానని కడుపును రెండు చేతులా పట్టుకుని పొలంలోని బావి దాకా పరుగెత్తింది. వంగి చూసింది. నీళ్లు కదలకుండా ఉన్నాయి. కదలని ఆ నీళ్లను చూస్తే ఇంకా భయమైంది. "జమునా!" అని అరిస్తే తన గొంతే బావిలో తిరిగింది.

"ఇంట్లనే ఉన్నదే! గుమ్మెనక!" అని దూరం నుంచి అత్త పిలుపు.

వడ్ల గుమ్మికీ గోడకూ మధ్య సందులో జమున ముడుచుకుని కూర్చుంది. గౌను మీద నుంచి పొట్టకు పాత చీర పేలిక ఒకటి బిగించి కట్టుకుంది.

"గిదేంది బిడ్డా?"

"నాకు గూడ పుండైంది. ఇప్పుడు నీ పక్కన పండచ్చు గదా?" అని, తల్లి ఏమంటుందోనని బెదురుగా చూసింది. "నేనేం తప్పు చేసిన అవ్వా?"

కొమురవ్వ నేల మీద కూలబడింది. పిల్లను ఒళ్లోకి లాక్కుంది. సంచి నలిగింది, కుట్లు కలుక్కుమన్నాయి. వదలలేదు.

"నువ్వేం చెయ్యలే. అవ్వకు పెద్ద రోగమొచ్చింది. నాకు భయమైతుంది బిడ్డా. నేను లేకుంటె నువ్వెట్లుంటవోనని దూరం పెట్టిన. తప్పు నాదే."

"ఏడికి పోతవ్?"

"చచ్చిపోతనేమో. తెల్వది. మందులు తీసుకుంట."

జమునకు ఎంత అర్థమైందో గానీ, తల్లి మెడ గట్టిగా పట్టుకుంది. వెనక నిలబడి అంతా విన్న శంకరవ్వ గోడకు జారగిలబడి, "నాకెందుకు చెప్పకపోతివే" అని నెత్తి కొట్టుకుంది.

కబురు అంది లక్ష్మీరాజం వచ్చాడు. మొదట్లో సంచి వైపు చూడలేకపోయాడు. మెల్లగా తనే కడగడం నేర్చుకున్నాడు. ఇంజెక్షన్లకు హైదరాబాద్ బస్సెక్కిన ప్రతిసారీ కొమురవ్వ భర్త చేయి వదిలేది కాదు. భయం తగ్గలేదు. కానీ ఊరికి తిరిగి వచ్చిన ప్రతిసారీ పిల్ల తలకు నూనె రాసింది, పక్కన పడుకోబెట్టుకుంది. మరుసటేడు బడి తెరిచినప్పుడు జమున భుజం ఆసరాగా పట్టుకుని తనే నడిచి వెళ్లి పేరు రాయించింది. నాట్లు ముగిసే వేళకు మంచం పట్టింది. ఆ వానల్లోనే పోయింది.

దినాలు అయ్యాక లక్ష్మీరాజం కూతురికి అన్నం కలుపుతూ కూర్చున్నాడు. ఇంతకు ముందు ఎప్పుడూ కలిపి ఎరగడు. ముద్దలు పెద్దవి అవుతున్నాయి.

"బాపూ, మల్ల దుబాయి పోతవా?" అని అడిగింది జమున, ముద్ద అందుకోకుండా.

"పోను బిడ్డా."

జమున అతని మొహం కాసేపు చూసి ముద్దకు నోరు తెరిచింది.