లైబ్రరీకి వెళ్ళిన టీకా మచ్చ

దగ్గరకు జరగండర్రా, గోడకు ఆనుకున్నవాళ్ళు కూడా. నా గొంతు ఇప్పుడు అంత దూరం నడవడం లేదు.

ఈ వేళ పొద్దున నా జబ్బ మీది టీకా మచ్చ లేచి లైబ్రరీకి వెళ్ళిపోయింది. పావలా కాసంత మచ్చ, చిన్నప్పటి మశూచి టీకాది. అది ఉన్నచోట చర్మం పసిపిల్ల బుగ్గలా నున్నగా ఉంది.

నా మనవరాలు నీలవేణి చూసి ఆశ్చర్యపోదు. దాని బాధ దానిది. ఈ రోజు లైబ్రరీలో పెట్టిన టీకాల శిబిరంలో దాని చంటిదానికి తట్టు టీకా వేస్తారు. వద్దని దాని మొగుడు ఢిల్లేశు పిల్లని తన ఫోనులో దాచేశాడు. అద్దం వెనక బొటనవేలంత పిల్ల పాకుతూ కనబడుతోంది.

"ఫోన్లోకి సూది దూరదు మామ్మా," అంటాడు ఢిల్లేశు. మంచివాడే. భయం అతని చొక్కా జేబులో గంటగంటకీ మోగుతుంది. "టీకా ఏయించిన పిల్లగుంటలు నడవనేరట. గ్రూపుల్లో ఒచ్చింది."

"నాకు ఏసినారు కదరా. నీ పెళ్ళిలో నాను గెంతినది మర్సిపోనావేటి? పద, నా మచ్చ తెచ్చుకోవాల."

లైబ్రరీ వెనకగది మ్యూజియం. "మీ మచ్చ తలుపులు తీయకముందే వచ్చేసిందమ్మా," అంటుంది లైబ్రేరియన్ హైమావతి. గాజుపెట్టెలో కూర్చుని అది బడిపిల్లలు అడిగినదానికల్లా జవాబు చెబుతోంది. నేను చదువుకోలేదు గానీ, అది చదువుకున్నట్టుంది.

పక్కనే మా పుట్టింటి గాదె. వెదురుతో అల్లి, పేడతో అలికిన ధాన్యపు గాదె. చూస్తున్నకొద్దీ అది పెరుగుతోంది. దానికి చోటివ్వడానికి గది పొడుగవుతోంది.

ఈ గాదె సంగతి మీకు చెప్పాలి. టీకాల మనిషి ఊళ్ళోకి వస్తే, మశూచి తెచ్చే అమ్మవారికి కోపం వస్తుందని మావాళ్ళు పిల్లల్ని గాదెల్లో దాచేవారు. ఆ రోజు నేను వీధిలో ఆడుకుంటూ దొరికిపోయాను. మా తమ్ముడు పైడయ్య గాదెలో క్షేమంగా ఉన్నాడు. ఆ ఎండాకాలమే వాడికి ఒళ్ళంతా అమ్మవారు పోసింది. బతకలేదు.

మూత తీస్తాను. వడ్లలో పైడయ్య మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. ఇంకా అయిదేళ్ళవాడే.

"అప్పా, టీకాలోడు ఎల్లిపోనాడా?"

"ఎప్పుడో ఎల్లిపోనాడురా."

"మరి నన్నెవులూ పిలవనేదేటి?"

వాడి జుట్టులో చిక్కుకున్న వడ్లు ఒక్కొక్కటే ఏరతాను.

"ఎవులు మామ్మా ఈడు?" అంటాడు ఢిల్లేశు.

"నీలాటి మంచోళ్ళు దాసిన గుంటడు."

పైడయ్య ఫోను వైపు వంగుతాడు. "ఒలే గుంటా, లోపల బాగుందేటి?" పిల్ల అద్దానికి అరచెయ్యి ఆనిస్తుంది. "నాకూ బాగుండీది. దాక్కున్నోలిని అమ్మోరే ముందు కనిపెట్టీసినాది."

ఫోను మోగుతుంది. ఢిల్లేశు తియ్యడు. మళ్ళీ మోగుతుంది. మా వెనకే వచ్చిన నీలవేణి దాన్ని లాక్కుని, చాటలో బియ్యం చెరిగినట్టు చెరుగుతుంది. గ్రూపుల్లో వచ్చిన మాటలన్నీ పొట్టులా లేచి ఫ్యాను గాలికి పోతాయి. మిగిలిన పిల్ల బరువుగా, తడిగా దాని ఒళ్ళో పడుతుంది.

"గుంట నాది కూడాను," అంటుంది మొగుడితో.

ఢిల్లేశు పొట్టు వైపు చూస్తాడు, పైడయ్య వైపు చూస్తాడు. "ఇలాగియ్యి. నాను పట్టుకుంటాను, కదిలీగల్దు."

మందు పెట్టె పట్టుకుని వచ్చిన నర్సు టీకా వేస్తుంది. పిల్ల గది అదిరేట్టు ఏడుస్తుంది. 'నిశ్శబ్దం' అన్న బోర్డు గోడవైపు తిరిగి నిలబడుతుంది.

"నీ మచ్చో, మామ్మా?" అంటుంది నీలవేణి.

"ఉండనీ. దానికిక్కడ పనుంది."

పైడయ్య గాదెలోకి మళ్ళీ వెళ్ళనంటాడు. వెళ్ళడు కూడా. అలమర్ల మధ్య నడుస్తూ ఒక్కో పుస్తకం అట్ట తడుతున్నాడు. "నానే. బయటికి రండి." తట్టిన ప్రతి పుస్తకంలోంచీ వడ్ల దుమ్ము పట్టిన ఓ చిన్న చెయ్యి బయటికొస్తోంది, చొక్కా జబ్బ దాకా మడిచి. అలమర్ల చివర కనబడడం లేదు. నర్సు ఇంకో పెట్టె తెరుస్తోంది.

ఇది గుర్తుంచుకోండి, మీ పిల్లలకు చెప్పండి. ఎవరైనా బిడ్డను దాస్తూ కనబడితే, పైడయ్య నన్నడిగిన మాట వాడి గొంతుతోనే వాళ్ళనడగండి: "మరి నన్నెవులూ పిలవనేదేటి?"