ఆమె తిన్న తర్వాత

"ఇవాళ భోజనానికి పబ్లిషరు గారు కూడా వస్తున్నారు," అన్నాడు మా ఆయన, దుకాణంలో నేను మార్పిడికొచ్చిన పాత గిన్నెల సొట్టలు చూస్తుండగా. మా ఇంట్లో తినే నోళ్లు పెరుగుతాయి గాని వండే చేతులు పెరగవు. ఇరవయ్యేళ్లుగా స్టీలు సామాను అమ్ముతున్నదాన్ని, ఈ లెక్క నాకు కొత్త కాదు.

పబ్లిషరు వచ్చేది నా నవల కోసం. గిరాకీ లేని మధ్యాహ్నాల్లో గల్లాపెట్టె పక్కన కూర్చుని మూడేళ్లు రాశాను. అందులో పురాణాల నాటి అక్షయపాత్ర ఈ కాలపు నగరంలో, మాలాంటి దుకాణానికే, పాత సామానులో కలిసి వస్తుంది. ఎంతమందికి వడ్డించినా తరగదు. షరతు ఒక్కటే: ఇల్లాలు తిన్నదంటే ఆ రోజుకి అది ఖాళీ. ఊరంతా ఆ దుకాణదారు భార్య గుమ్మం ముందు బారులు తీరుతుంది. మేయరు వచ్చి సన్మానం చేస్తాడు. "ఇంకొక్క బంతి ఉందమ్మా, కాస్త ఆగు," అంటారు అందరూ. చివరి పేజీలో ఆమె అందరికంటే ముందు కూర్చుని తింటుంది.

అత్తగారు చదివి, "దానికంత తొందరేమిటే? ఆకలికి ఓర్చుకుంటేనే ఆడదానికి అందం," అన్నారు. మా ఆయన చదవనే లేదు. "గిన్నెల కొట్టు కథ ఎవడిక్కావాలి" అన్న మనిషే, పబ్లిషరు ఫోను చేశాక "మా ఇంటి రచయిత్రి" అని వీధంతా చెప్పుకొచ్చాడు.

భోజనాల వేళకి మా ఆయన, అత్తగారు, పబ్లిషరు ముగ్గురూ బల్ల దగ్గర కూర్చున్నారు. నేను వడ్డిస్తున్నాను.

"అంతా బాగుందమ్మా," అన్నాడు పబ్లిషరు. "చివరి పేజీ ఒక్కటి మార్చండి. ఆవిడ తినకుండానే ప్రాణం వదలాలి, దేవత అయిపోవాలి. పాఠకుడు ఏడవాలి. అలా అయితేనే వేస్తాను."

"ఒక్క పేజీ కోసం బేరం చెడగొట్టకు," అన్నాడు మా ఆయన, పళ్లెంలోంచి తలెత్తకుండా. "చంపెయ్. కాగితం మీదేగా."

బేరమన్నాక పట్టూ విడుపూ ఉండాలని నాకూ తెలుసు. అంచు వంగిన గిన్నెని తగ్గించి ఇస్తాం. అడుగు ఊడినదాన్ని మాత్రం ఎంత తగ్గించినా గిన్నె అని చెప్పి అమ్మం. ఈ పబ్లిషరు ఊడదీయమంటున్నది నా కథకి అడుగుని. పెళ్లయిన నాటినుంచీ అందరూ లేచాక, మిగిలినదీ చల్లారినదీ కలుపుకుని, వంటగట్టు దగ్గర నిలబడి తిన్నాను. ఒళ్లు కాలిపోయే జ్వరంలోనూ వండితే "మహాతల్లివి" అన్నారు గాని, లేచి గరిటె అందుకున్నవాళ్లు లేరు. దేవతని చెయ్యడం చవక. వంతు పంచుకోవడమే గిట్టుబాటు కాదు ఎవరికీ.

గరిటె కింద పెట్టాను. నాలుగో కుర్చీ లాక్కుని కూర్చుని వేడన్నం పెట్టుకున్నాను.

"కూర ఇటు..." అన్నాడు మా ఆయన. గిన్నె ఆయన మోచేతి పక్కనే ఉంది.

"అందుకోండి," అన్నాను.

అత్తగారి చెయ్యి పళ్లెంలోనే ఆగిపోయింది. పబ్లిషరు ఇబ్బందిగా నవ్వాడు. "అది కాదమ్మా, కథ ప్రకారమే అడుగుతున్నా. ఆవిడ తినేస్తే ఊరి గతేం కావాలి?"

ముద్ద నిదానంగా నమిలి మింగాను. ఎడమచేత్తో పబ్లిషరు ముందున్న నా నవల రాతప్రతిని నా వైపు జరుపుకున్నాను.

"ఊరే వండుకుంటుంది," అన్నాను.