గొంతుకు ఆధారం అడిగారు

మీరే మింగేశారు. అరవ సినిమాలు తెలుగులోకి దించుకుని అమ్ముకున్నవాళ్ళు, వాటిని గంపగుత్తగా కొన్నవాళ్ళు, ఇప్పుడు పది నిమిషాలకొక నూనె ప్రకటన, సబ్బు ప్రకటన ఇరికించి ఉచితం ఉచితం అంటూ ఇంటింటికీ వదులుతున్నవాళ్ళు, అందరూ కలిసి ఒక ఆడమనిషి పేరు మింగేసి త్రేనుపు కూడా బయటికి రానివ్వకుండా కూర్చున్నారు. ఆ మనిషి పేరు దమయంతి. మద్రాసు రాయపురంలో రెండో అంతస్తు ఇంట్లో, ఆదివారం పొద్దున పదకొండు గంటలకు, వంటింటి గడప దగ్గర పీట వేసుకుని రొయ్యలు ఒలుస్తోంది.

అర్ధకిలో రొయ్యలు ఒలవడానికి గంట, తినడానికి పది నిమిషాలు. ఆ ఇంట్లో మాటలన్నీ ఆ పది నిమిషాల గురించే ఉంటాయి. హాల్లో మొగుడు కోదండరాం సోఫాలో కాళ్ళు చాపుకుని ఉన్నాడు. జార్జి టౌన్‌లో కాగితాల హోల్‌సేల్ కొట్లో ముప్పై ఐదేళ్ళు గుమాస్తాగిరీ చేసి రిటైరైన మనిషి. రిటైరైంది ఆయన, పని పెరిగింది ఆమెకు. కూతురు సంయుక్త వేళచేరిలో ఉంటుంది, సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే ఉద్యోగం, ఆదివారాలు వస్తుంది. ఆ పిల్ల పాత లాప్‌టాప్‌ను టీవీకి తగిలించి సినిమాలు ఆడించే లాంతరు బొమ్మ ప్లేయర్‌ను సరిచేస్తోంది. ఆ ప్లేయర్ దమయంతికి పాత నేస్తం. ఏళ్ళ తరబడి పెన్‌డ్రైవ్‌లో ఏది పెట్టినా పాడింది, చూపించింది, ఒక్క రూపాయి అడగలేదు, మధ్యలో ఒక్క ప్రకటన వేయలేదు.

"నైనా, కొత్త వెర్షన్ వచ్చిండాది. ఇంగ ఫ్రీ చానెల్స్ కూడా దీంట్లోనే. మధ్యలో యాడ్స్ వస్తాయి, అంతే."

"ఇన్నాళ్ళూ యాడ్లు లేవు గదమ్మా దీంట్లో?"

"చానెల్ వాళ్ళకు దుడ్లు ఆ యాడ్ల నుంచే. నువ్వు కట్టేదేం లేదు. వద్దనుకుంటే ఆ పేజీ మూసెయ్యొచ్చు. ఇది ఓపెన్ సోర్స్ నైనా. లోపల ఏముండాదో ఎవురైనా తెరిచి చూడొచ్చు, మార్చుకోవచ్చు."

"మన ఇంటి మాదిరి అనుకో. ఎవురైనా రావొచ్చు, కాఫీ మాత్రం మీయమ్మే పెట్టాల." కోదండరాం తన జోకుకు తనే నవ్వాడు. "సరి, ఆ తెలుగు పాత సినిమాల చానెల్ పెట్టు. ఇంగ కేబులోడికి టాటా."

సినిమా మధ్యలో ఉంది. అరవం నుంచి దించినది. పెదవులు ఒకటి చెప్తున్నాయి, మాట ఇంకొకటి వస్తోంది. దమయంతి తల ఎత్తలేదు. కానీ చేతిలో రొయ్య ఆగిపోయింది. ముందు మాట కాదు, ఊపిరి వినిపించింది. మాటకు ముందు ముక్కుతో తీసుకునే చిన్న ఊపిరి. ఆ ఊపిరి ఆమెది. టీవీలో ఉన్నది ఎవరో అందగత్తె, ఇరవై ఏళ్ళ పిల్ల, పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఆ పిల్ల గొంతులో ఉన్నది మాత్రం ముప్పై ఏళ్ళనాటి దమయంతి.

పెళ్ళయిన రెండో ఏడు, పక్కింటామెతో వడపళని వైపు డబ్బింగ్ థియేటర్‌కు పోయింది. తెర మీది గుంపుల్లో అరవడానికి మనుషులు కావాలంటే పోయింది. ఆరు నెలల్లో హీరోయిన్లకు డబ్బింగ్ చెప్పడం మొదలుపెట్టింది. పట్టుచీర కట్టకూడదు, గరగర మైకులో పడుతుంది. గాజులు తీసి పర్సులో వేసుకోవాలి. చీకటి గదిలో ఒకే ముక్క మళ్ళీ మళ్ళీ తెర మీద తిరుగుతుంటే ఎవరి పెదవుల్లోకో తన ప్రాణం ఊదాలి. సౌండ్ ఇంజనీరు సుబ్బన్‌కు తెలుగు ముక్క రాదు. అయినా అద్దం వెనకాల నుంచి చెప్పేవాడు: "అమ్మా, నాకు నీ భాష తెలీదు, ఏడుపు తెలుసు. ఇప్పుడు ఏడ్చింది దొంగ ఏడుపు. మళ్ళీ." ఆ "మళ్ళీ" అన్న మనిషికి ఆమె ఈరోజుకీ మనసులో దండం పెట్టుకుంటుంది. ఆమె చేసిన పనిని పనిగా చూసిన మొదటి మనిషి ఆయన. గొంతుల్ని కుదిర్చిపెట్టే కోఆర్డినేటర్ మాత్రం మొదటిరోజే చెప్పేశాడు: "హీరోయిన్ గొంతు నీదని బయట అనొద్దు. ఇంట్లో కూడా అనొద్దు. ఆమె చెవిన పడితే రేపట్నించి నీకు పని ఉండదు." అందుకే మొగుడు ఏం చేస్తావే ఆడ అని అడిగితే, గుంపులో అరుస్తా అని చెప్పింది. ఆయన నమ్మాడు. నమ్మడం ఆయనకు సులువైంది. ఆ సినిమాలు ఆయనెప్పుడూ చూడలేదు. మద్రాసులో ఉన్నవాళ్ళు అరవంలోనే చూసేస్తారు, మళ్ళీ తెలుగులో ఎవరు చూస్తారు? తెలుగు ప్రింట్లు సరిహద్దులో తడ దాటి అవతలికి పోయేవి. ఆమె గొంతు నెల్లూరులో, కడపలో, ఏలూరులో హాళ్ళ నిండా ఏడ్చింది. తన వీధిలో మాత్రం ఒక్కసారి వినపడలేదు.

నిజం తెలిసింది ఒక్క అత్తకే. అలివేలుమంగమ్మ. అత్తలంటే ఇలా ఉంటారు అలా ఉంటారు అని లోకం ఎన్నైనా అననీ, ఆ అత్త మాత్రం చంటిపిల్ల సంయుక్తను చంకనేసుకుని కోడలిని మెట్ల దాకా తోసేది. "పోమ్మే, బిడ్డను నేను చూసుకుంటా. రెండు ముద్దలు పెరుగన్నం తిని పో. కడుపరిస్తే అది కూడా ఆ మైకులో పడతాదంట గదా." సాయంత్రం వచ్చాక తలుపు దగ్గరికి వేసి, "ఇయ్యాల ఎవురికి ఏడ్చినావు? నాకు చెప్పి చూపించు" అనేది. వంటింట్లో అంట్లగిన్నెల మధ్య దమయంతి చెప్పేది, ఆ ముసలామె కొంగుతో కళ్ళొత్తుకునేది. దమయంతి బతుకులో దొరికిన ఏకైక ప్రేక్షకురాలు ఆమె.

సంయుక్తకు ఎనిమిదేళ్ళప్పుడు అత్త పోయింది. పదకొండో రోజు దాటగానే కోదండరాం అన్నాడు: "ఇంగ చాలు. బడి నుంచి బిడ్డొస్తే తలుపు తీసేదెవురు? గుంపులో అరిచేదానికి నువ్వే పోవాల్నా? నువ్వు లేకుంటే ఆ గుంపు తగ్గిపోతాదా?" దమయంతి ఆ రోజు నుంచి థియేటర్‌కు పోలేదు. పోవాలంటే గుంపు కాదని చెప్పాలి. చెప్పకుండా దాచిన ఏళ్ళన్నీ అప్పుడు దారికి అడ్డం పడ్డాయి. తర్వాత ఆ ఇంట్లో ఆమె గొంతు గురించి వచ్చిన మాట ఒక్కటే. "మెల్లిగా మాట్లాడు, వీధిలోకి వినపడతా ఉండాది."

టీవీలో ఆ పిల్ల గుమ్మంలో నిలబడి అన్నతో చెప్తోంది. "అన్నయ్యా, ఈ ఇంట్లో దీపం పెట్టింది నేను. ఆర్పేసి..."

ఠక్కున నూనె ప్రకటన. ఒక నవ్వుల అమ్మ పూరీలు పొంగిస్తోంది.

"ఛ! ఈడే కోయాల్నా?" కోదండరాం కళ్ళజోడు తీసి పంచె చెరగుతో కళ్ళు తుడుచుకున్నాడు. మొగుడు ఏడవడం దమయంతి ఎప్పుడో ఆయన తల్లి పోయిన రోజు చూసింది, మళ్ళీ ఇప్పుడే. "ఏం గొంతు! పేగులు మెలిపెడతా ఉండాది. ఆ కాలం ఆడోళ్ళకు ఆ మెత్తదనం ఉండె. ఏం చెప్పబోతా ఉండిందో ఏమో."

దమయంతి లేచింది. చేతులు రొయ్యల కంపు. హాలు గడప మీద నిలబడి, ముక్కుతో చిన్న ఊపిరి తీసుకుని, చెప్పింది.

"ఆర్పేసి పోవడం నాకు చేతకాదు అన్నయ్యా. అందుకే వెలుగుతుండగానే వెళ్తున్నాను."

పూరీలు పొంగుతూనే ఉన్నాయి. తండ్రీ కూతుళ్ళు ఇద్దరూ ఆమె వైపు తిరిగి ఉన్నారు. ప్రకటన ముగిసింది. గుమ్మంలో పిల్ల మళ్ళీ వచ్చింది, అదే ఊపిరి తీసుకుంది, అవే మాటలు, అదే విరుపు, అదే చోట గొంతు జీర. కోదండరాం టీవీని చూశాడు. పెళ్ళాన్ని చూశాడు. మళ్ళీ టీవీని చూశాడు.

"నువ్వా?"

"నేనే. ముప్పై నాలుగేండ్లుగా ఈ ఇంట్లోనే ఉండాను."

సంయుక్త ఏడుస్తూ నవ్వుతూ వచ్చి తల్లిని రొయ్యల చేతులతో సహా కావలించుకుంది. "గుంపు అన్నావు గదమ్మా! నువ్వు హీరోయినా?"

"హీరోయిన్ ఆమె. నేను మాటను."

కోపం రావలసిన చోట దమయంతికి కృతజ్ఞత పొంగింది. ఆ నూనె కంపెనీ మీద కూడా. సరిగ్గా ఆ మాట దగ్గర తెగ్గోయకపోతే ఆమె నోరు తెరిచేది కాదు. ఇన్నాళ్ళకు ఈ బొమ్మను ఎక్కడో మూలనుంచి తీసి ఇంట్లోకి పంపించారు, అత్త వినుంటే ఎంత బాగుండేది అనుకుంది. సినిమా అయిపోతుంటే పేర్లు వస్తాయేమో అని పీట లాక్కుని టీవీ ముందు కూర్చుంది. పేర్లు మొదలవగానే చానెల్ వాళ్ళు తెరను అగ్గిపెట్టెంత చేసి మూలకు నెట్టి, సబ్బు ప్రకటన వేశారు.

"ఇరుమ్మా, ఉండు, వివరాల పేజీ చూద్దాం." సంయుక్త నొక్కింది. హీరో, హీరోయిన్, దర్శకుడు, సంగీతం, తెలుగు మాటలు రాసిన ఆయన, గుర్రాలు తెచ్చిన ఆయన. మాట్లాడినవాళ్ళు లేరు. గుర్రాలకు ఉన్నపాటి చోటు వాళ్ళకు లేదు. సంయుక్త పళ్ళు నూరుకుంటూ వెనక్కి వచ్చి, పొరపాటున ప్లేయర్ గురించిన పేజీ తెరిచింది. పేర్లు. వందల పేర్లు కిందినుంచి పైకి పోతున్నాయి. ఎవరెవరో, ఏ దేశాలవాళ్ళో.

"వీళ్ళెవురు?"

"ఈ ప్లేయర్‌ను రాసినోళ్ళమ్మా. ఎవురో ఒగ కామా దిద్దినా సరే, ఆ మనిషి పేరు ఈడ ఉంటాది. అది వీళ్ళ పద్ధతి. శానామందికి జీతం లేదు. లీవు రోజుల్లో కూర్చుని రాస్తారు."

"జీతం లేకుండానా? పిచ్చోళ్ళా?" అన్నాడు కోదండరాం.

"నాకెంత జీతం ఇస్తా ఉండారు మీరు?" అంది దమయంతి.

దమయంతి ఆ పేర్లు ఆఖరు దాకా చూసింది. చదవడం రాని భాషల పేర్లను కూడా చూసింది. ఊరికే పని చేసినవాళ్ళు లోకంలో శానామంది. ఊరికే చేసినా పేరు పోగొట్టుకోని వాళ్ళను చూడటం మాత్రం అదే మొదలు. గుండె నిండిపోయింది.

"ఆ సినిమా వివరాలు దిద్దొచ్చా?"

"అది నెట్‌లో అందరూ కలిసి రాసే పట్టికమ్మా, ప్లేయర్ వివరాలన్నీ ఆడ్నుంచే తీసుకుంటాది. ఎవురైనా చేర్చొచ్చు. చెప్పు, నీ పేరు రాస్తా."

"ముందు చిన్నపొన్ను పేరు రాయి."

చిన్నపొన్ను అరవావిడ. తెలుగు మాటల్ని అరవ అక్షరాల్లో రాసుకుని, ఆ సినిమాలో తల్లి పాత్రకు చెప్పింది. ఆమె చెప్తుంటే గుంటూరోళ్ళు మా ఊరి ముసలమ్మే అనుకునేవాళ్ళు. దమయంతి రొయ్యలు మరిచిపోయి చెప్తూ పోయింది. ఏ సినిమాలో చెల్లెలు ఎవరు, వదిన ఎవరు, చంటిపిల్ల ఏడుపు ఎవరు. పదిహేడు మంది ఆడవాళ్ళ పేర్లు, కాగితం చూడకుండా. సంయుక్త అన్నీ ఎక్కించింది, చానెల్ వాళ్ళకూ ఒక ఉత్తరం రాసింది. ఆ రోజు రొయ్యలు మధ్యాహ్నం మూడు దాటాక ఉడికాయి.

మరుసటి ఆదివారం సంయుక్త మొహం వేలాడేసుకుని వచ్చింది. చానెల్ వాళ్ళ దగ్గర్నుంచి మీ అభిప్రాయం మాకు విలువైనది అని మిషన్ పంపిన జవాబు ఉంది. పట్టిక వాళ్ళు పదిహేడు పేర్లూ తీసేశారు. "ఆధారం కనబడలేదు. సినిమా టైటిల్స్‌లో గానీ పత్రికలో గానీ ఉంటే చూపించండి, తప్పక చేరుస్తాం. మీ శ్రమకు ధన్యవాదాలు" అని ఎవరో ఓపిగ్గా రాశారు.

"టైటిల్స్‌లో వేసుంటే ఈ గోలెందుకు!" సంయుక్త ఉడికిపోయింది.

"వాళ్ళను తిట్టొద్దు" అంది దమయంతి. "అడగడం తప్పు కాదు. ముప్పై ఏండ్లలో నీ గొంతుకు ఆధారం ఏందని అడిగినోళ్ళు వీళ్ళే. మిగతావాళ్ళకు అడగాలని కూడా తోచలేదు."

"పోనీలే మే" అన్నాడు కోదండరాం. వారం రోజులుగా ఆయన గొంతు కొంచెం తగ్గించే మాట్లాడుతున్నాడు. "మనకు తెలుసు గదా. అది చాల్లే."

"మీకు తెలిసి ఏడు దినాలయింది. నాకు చాలదు." ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. "లేచి ఆ ఫ్యాన్ ఆపండి. కిటికీ మూయండి. సంయుక్తా, ఫోన్‌లో రికార్డింగ్ పెట్టు. వాళ్ళ భాషలోకి తర్వాత మార్చి పంపు, చానెల్ వాళ్ళకూ పంపు."

కోదండరాం లేచాడు. ఫ్యాన్ ఆపాడు, కిటికీ మూశాడు, వంటింట్లోకి పోయి స్టవ్ కూడా తనే ఆపి వచ్చి, చప్పుడు కాకుండా గోడకు ఆనుకుని నిలబడ్డాడు. చెమట కారుతున్నా కదల్లేదు. దమయంతి ఫోన్‌ను గడ్డానికి జానెడు దూరంలో పెట్టుకుంది. వీధిలోకి వినపడేంత గొంతుతో మొదలుపెట్టింది.

"అయ్యా, అమ్మా, ఊరికే పనిచేసే మీకందరికీ దండం. ఆ కష్టం నాకు తెలుసు. నా పేరు దమయంతి. మీరు ఆధారం అడిగారు. కాగితం లేదు, ఎవరూ ఇవ్వలేదు. గొంతు ఉంది. ఇప్పుడు ఆ సినిమాలో నా మాటలు మొదట్నించి చివరిదాకా చెప్తాను, మీరు సినిమా పెట్టుకుని పక్కపక్కన వినండి. తేడా ఉంటే నా పేరు చేర్చొద్దు. చానెల్ నడిపే దొరలూ, మీకు వేరే చెప్తున్నా. మా ఏడుపుల మధ్య మీ ప్రకటనలు పెట్టుకోండి, కాదనను. కానీ పేర్లు వచ్చేటప్పుడు తెరను కుదించడం ఆపండి, అందులో లేని పేర్లు చేర్చండి. కోడంబాక్కంలో తమ్ముడి ఇంట్లో ఉండే చిన్నపొన్నుకు డెబ్బై ఎనిమిదేళ్ళు. కళ్ళు ఇంకా కనబడతాయి, చెవులు ఇంకా వినబడతాయి. ఆమె చదువుకునేటట్టు, అరవంలో కూడా, పెద్ద అక్షరాల్లో, ఈ వారమే ఆమె పేరు వేయండి."