అవునన్నందుకు పడ్డ తాళం

డాక్టరు అడిగిన ప్రతిదానికీ చెల్లెలు తలూపింది.

“చెవిలో గొంతులు వినిపిస్తాయా?”

“అవునయ్యా.”

“ఎవర్నన్నా చంపాలనిపిస్తుందా?”

“అవునయ్యా.”

అంతే. కాగితం మీద బరబరా గీకేసి, పిల్లని లోపలి వార్డులో వేయించి తాళం పెట్టించాడు. ఆ ఆస్పత్రి లాండ్రీలోనే ఇస్త్రీ చేసే అక్కని గుమ్మం బయటే నిలబెట్టేశారు.

చీమకైనా హాని తలపెట్టని పిల్ల అది. పురిట్లో బిడ్డ పోయింది. పది రోజులుగా కంటికి కునుకు లేదు, గోడకేసి చూస్తూ కూర్చుంటోంది. మందిప్పిద్దామని అక్కే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. మరి అవునని ఎందుకందీ అంటారా? ఏం చెప్పను! కొండ దిగొచ్చిన వాళ్ల జనానికి ఊరిభాషలో లాండ్రీ మేస్త్రీ నేర్పిన మొదటి మాట అదే. కాదన్నవాళ్లకి మర్నాడు పని లేదు. ఏళ్ల తరబడి ఆ ఆస్పత్రి దుప్పట్లే ఉతుకుతున్నారు. అర్థమైనా కాకున్నా అవునయ్యా అనడం ఒంటికి పట్టేసింది.

అక్క డాక్టరు వెంటపడింది. “అయ్యా, దానికి మీ మాట రాదు. మా మాటలో నేనడుగుతా.”

“మీవాళ్లంతా ఇంతే, సగం పిచ్చోళ్లు. నడు, నడు.”

మర్నాడు లాండ్రీలో, ఆవిరి కమ్మిన గదిలో అందరికీ చెప్పింది.

“ఊరుకో అమ్మీ,” అన్నాడు బాయిలరు మామ. “ఎదురు తిరిగితే నోటికాడి కూడు పోద్ది.”

“కూడు పోద్దని నోరు మూసుకునే కదా మామా, పిల్లకి తాళం పడింది!”

సబ్బు పెట్టే వదిన చేతిలో దుప్పటి వదిలేసింది. “మా ఆయన్నీ ఇట్టాగే వేశారు, రెండేళ్లయింది. నిజంగానే పిచ్చేమోనని సిగ్గుపడి ఎవరికీ చెప్పలా.”

“మా అమ్మని కూడా,” అంది ఇంకొకామె. అలా పేర్లు చెప్పుకుంటూ పోతే చెల్లెలితో కలిపి లోపల పదకొండుమంది తేలారు.

“అయితే నీ చెల్లికి జబ్బు లేదంటావా?” నిలదీశాడు మామ.

“ఉంది! ఉంది కాబట్టే తెచ్చా. అదేంటో మన మాటలో అడిగి, మన మాటలో వినాలి. ఆ గదిలో మన మనిషి కూర్చోవాలి.”

మామ లేచెళ్లి బాయిలరు ఆపేశాడు.

పసిపిల్లల వార్డు గుడ్డలు మాత్రం చేత్తో ఉతికి మోసుకెళ్లి ఇచ్చారు. మిగతావి కొండలా పడి కంపు కొట్టాయి. మేస్త్రీ చిందులేశాడు: “రేపటికల్లా కొత్తోళ్లని దింపుతా!”

“దింపవయ్యా! వాళ్లకీ అవునయ్యా నేర్పుకుందువుగాని, నీకూ కాలక్షేపం!” అంది వదిన. ఆడవాళ్లు పకపకా నవ్వారు.

మూడో రోజు ఆస్పత్రి పెద్ద డాక్టరే చెల్లెల్ని వెంటబెట్టుకుని కిందికొచ్చాడు. పక్కన ఇద్దరు పోలీసులు. “ఇదిగో మీ పిల్ల. తీసుకెళ్లి పని మొదలెట్టండి.”

చెల్లెలు అక్క మెడ వాటేసుకుంది. రొమ్ములు రాళ్లలా ఉన్నాయి, ఒళ్లు కాలిపోతోంది. “పాలు ఆగట్లేదక్కా. చెబుతుంటే సూది పొడిచారు.”

అక్కకి ఇంటికెళ్లిపోదామనే అనిపించింది ఒక్క క్షణం. వెళ్తే జ్వరమెవరు తగ్గిస్తారు, నిద్రెవరు పట్టిస్తారు?

“ఇంటికెందుకయ్యా? మందు మీ దగ్గరుంది. మా మాటలో అడిగి చూడండి. దీన్నీ, ఆ పదిమందినీ!”

పోలీసులు అక్క రెక్కలు విరిచి పట్టుకున్నారు. వరండాలోంచి ఈడ్చుకుపోతుంటే తల తిప్పి చూసింది. ఆడవాళ్లు లాండ్రీ బల్లనెత్తుకొచ్చి డాక్టరు గదిలో, ఆయన ఎదుటే ధనామని దించారు. చెల్లెల్ని కూర్చోబెట్టి, పక్కనే వదిన కూర్చుంది, తడిచేతులు ఒళ్లో పెట్టుకుని.

“అడగండి డాక్టరుగారూ. తను చెప్పింది నేను మీకు చెబుతా. తీరిగ్గా అడగండి. ఇంకా పదిమంది ఉన్నారు మాకు.”