గోడ తడిమే చెయ్యి

పొద్దున్నే కోడలు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని గిన్నెలు తోముతుంది. పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షనిస్టు ఉద్యోగం వదిలేసి యూజర్ ఎక్స్‌పీరియన్స్ రీసెర్చ్ నేర్చుకుంటోంది. అంటే, ఏ వస్తువుతో జనం ఎక్కడ తంటాలు పడుతున్నారో కనిపెట్టే పని. కాలేజీకి వెళ్ళే తీరిక లేక ఇయర్‌ఫోన్లలో వినే పాడ్‌కాస్టు పాఠాలనే నమ్ముకుంది. "నీ ఇష్టం," అన్నాడు భర్త. ఆ మాటకి అర్థమేమిటో పెళ్ళయినవాళ్ళకి చెప్పక్కర్లేదు.

గిన్నెలు సగంలో ఉండగా అత్తగారు వస్తారు. ఆవిడ పోయిన ఏడాది చనిపోయారు, కానీ రావడం మానలేదు. వంటింటి వెనకగోడ దగ్గర నిలబడి అరచేత్తో తడిమి తడిమి వెళ్ళిపోతారు. మామగారు బల్ల దగ్గర కాఫీ తాగుతూ చూస్తుంటారు.

"ఇవాళ మీ అత్తయ్య కాస్త నీరసంగా ఉంది," అంటారు, అంతే.

ఒక కంపెనీ కోడలికి పరీక్ష పెట్టింది. ఇంట్లో ఒకరు పడే ఇబ్బందిని గమనించి దాన్ని తీర్చి చూపాలి. గట్టెక్కితే ఉద్యోగం, లేదంటే మళ్ళీ పళ్ళ డాక్టరే గతి. భర్తని అడిగితే "నాకేం ఇబ్బంది లేదే," అన్నాడు, చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకుంటూ. ఇక మిగిలింది అత్తగారే.

"లైటు స్విచ్చు కోసమా అత్తయ్యా?"

అత్తగారు మర్యాదగా తలూపారు. కోడలు పొంగిపోయి అక్కడో స్విచ్చు పెట్టించింది. మర్నాడు అత్తగారి చెయ్యి స్విచ్చుని దాటుకుపోయి మళ్ళీ గోడనే తడిమింది.

జవాబు మీరే అందించి అడిగితే ఎవరైనా అవుననే అంటారని చెవిలో పాడ్‌కాస్టు గొంతు చెబుతోంది. ముందు చూడండి, తర్వాత అడగండి, అడిగాక నోరు మూసుకుని ఆగండి అంటోంది.

కోడలు చూసింది. ఆ వేళ్ళు దేన్నో పక్కకి లాగుతున్నాయి. ఆ తర్వాత భుజం గోడని మెల్లగా నెడుతోంది. స్విచ్చుని ఎవరూ అలా లాగరు.

అక్కడ పెరటి తలుపు ఉండేది. ఆవిడ పోయిన వారానికే మామగారు ఇటుకలు పెట్టించి మూసేశారు. అందరికీ తెలిసిన సంగతే కాబట్టి ఎవరికీ తట్టలేదు.

"తలుపెందుకు మూయించారు మామయ్యా?"

"చలిగాలని చెప్పాగా."

కోడలు మాట్లాడలేదు. కాఫీ మీద మీగడ కట్టింది. ఆమె ఇంకా ఊరుకుంది.

"వెళ్ళిపోతుందని," అన్నారు మామగారు.

"పోనీలెండి మామయ్యా. ఈ పరీక్ష ఇంకెవరిమీదైనా చేస్తాను."

"వద్దమ్మా. రోజూ నాకోసమే వస్తోందనుకున్నా. ఒక్కనాడూ నావైపు తిరిగి చూడలేదు." కప్పు పక్కకి నెట్టారు. "మేస్త్రీని పిలిపించు."

పాత తలుపే పెట్టించారు, ఆ పాత గడియతోనే. మర్నాడు అత్తగారి చేతికి గడియ వెంటనే దొరికింది. ఆవిడ వెనక్కి చూడకుండా పెరట్లోకి వెళ్ళిపోయారు. ఇంట్లోకి చలిగాలి కొట్టింది. కోడలికి ఉద్యోగం వచ్చింది గానీ అది తర్వాతి మాట.

"తలుపెయ్యనా నాన్నా?" అన్నాడు కొడుకు.

మామగారే లేచి వెళ్ళి తలుపు వేసి, గడియ పెట్టారు. నాలుగడుగులు వెనక్కి వచ్చి గట్టిగా కళ్ళు మూసుకున్నారు. చెయ్యి చాచుకుంటూ తలుపు దాకా నడిచారు. గడియ నేరుగా చేతికొచ్చింది.

"బాగా కుదిరిందమ్మా," అన్నారు కోడలితో. "నా వంతొచ్చినప్పుడు నేను వెతుక్కోనక్కర్లేదు."