ఎక్స్ బదులు ఒకటి

అందరూ ఆమెను టైలరమ్మ అనే పిలుస్తారు. ముప్పై తొమ్మిదేళ్ళు. పదకొండేళ్ళుగా బట్టలు కుడుతూనే డిగ్రీ, ఆపైన టీచరు ట్రైనింగు పూర్తిచేసింది. నలభై దాటితే ఏ స్కూలూ తీసుకోదు. ఇవాళ ఇంటర్వ్యూకొచ్చిన ఈ స్కూల్లో ఉన్నది ఒక్కటే లెక్కల టీచరు ఉద్యోగం.

"భయమెందుకక్కా! నీకు రాని లెక్కా?" అంది వరండాలో పక్కన కూర్చున్న తోటికోడలు.

అంతలో లోపల్నించి ఆకుపచ్చ చున్నీ అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది. "రైటే చేశాననుకున్నా. తప్పన్నారు" అంటూ మొహం కడుక్కోడానికి కుళాయి దగ్గరికి పోయింది.

టైలరమ్మ లోపలికెళ్ళింది. బల్ల వెనక ప్రిన్సిపాల్ మేడమ్, పక్కన సీనియర్ లెక్కల మాస్టారు. బోర్డు మీద ఒకే వరుస:

f(x) + 2f(1−x) = 3x

"f(x) ఎంతో కనుక్కోండి" అన్నాడు మాస్టారు.

ఆమె సుద్దముక్క అందుకుని, x ఉన్నచోటల్లా 1−x పెట్టింది.

f(1−x) + 2f(x) = 3 − 3x

ఈ రెండోదాన్ని రెండుతో గుణించి, అందులోంచి మొదటిదాన్ని తీసేసింది. 3f(x) = 6 − 9x మిగిలింది. "f(x) = 2 − 3x అండీ."

మాస్టారు చేతిలో కాగితం చూసి తల అడ్డంగా ఊపాడు. "తప్పు. 3x − 2 రావాలి. గుర్తులు తారుమారు చేశారు."

"సరిచూస్తానండీ" అని ఆమె x బదులు సున్నా పెట్టింది. f(0) రెండు, f(1) మైనస్ ఒకటి. రెండులోంచి రెండు పోతే సున్నా. కుడివైపూ సున్నాయే. హమ్మయ్య అనుకునేలోపే మాస్టారు లేచి, "నాదీ చూడండి. మైనస్ రెండు ప్లస్ రెండు. నాకూ సున్నాయే!" అన్నాడు.

మేడమ్ గడియారం చూసుకుంది. ఒప్పేసుకుందామా అనిపించింది టైలరమ్మకి. అయినా చెయ్యి బోర్డు మీదికే వెళ్ళింది. ఈసారి x బదులు ఒకటి. తన జవాబుకి మైనస్ ఒకటి ప్లస్ నాలుగు, మూడు. ఆయన జవాబుకి ఒకటి మైనస్ నాలుగు, మైనస్ మూడు.

"కుడివైపు మూడుండాలి కదండీ."

మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. కాగితాన్ని మళ్ళీ చదువుకున్నాడు. "టైపు తప్పు. క్షమించండమ్మా."

ఆమె గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. నోరు మెదపకుండా వెళ్తే ఉద్యోగం దాదాపు తనదే.

"నాకంటే ముందొచ్చిన అమ్మాయి ఏం రాసిందండీ?"

"మీరు రాసిందే" అన్నాడాయన గొంతు తగ్గించి. "నేనే చెరిపించాను."

"అయితే పిలవండి. ఇంకా వెళ్ళుండదు."

ఆ అమ్మాయిని పిలిచారు. ఇద్దరితోనూ చెరో పాఠం చెప్పించారు. వారం తర్వాత, రెండు మార్కుల తేడాతో ఉద్యోగం ఆ అమ్మాయికే వచ్చింది.

"నీకెందుకక్కా ఆ గొడవ? చేతికందింది జారవిడుచుకున్నావ్!" అని తోటికోడలు మండిపడింది. టైలరమ్మ తలుపేసుకుని కరువుతీరా ఏడ్చింది. మర్నాడు పొద్దున్నే ఇంకో స్కూలుకెళ్ళి దరఖాస్తు తెచ్చుకుంది. నలభై నిండడానికి ఇంకా ఏడు నెలలున్నాయి.