తోకకు కుట్టిన గుడ్డ

వార్నిష్ వాసన.

గుడ్డ బిగుసుకోవడానికి పూసే వార్నిష్. జుట్టులో అదే, దుప్పట్లో అదే, నోట్లో పెట్టుకునే ముద్దలోనూ అదే. షెడ్డు తలుపు తీస్తే గాలి వస్తుంది — వాసన మాత్రం పోదు.

ఎన్నేళ్ళయిందో లెక్కపెట్టడం మానేశాను.

యుద్ధ విమానం. మేం పుట్టకముందు ఎప్పుడో, మీసాలైనా సరిగ్గా రాని కుర్రాడొకడు దీన్ని నడిపాడు. తూట్లు పడ్డ రెక్కతో సరస్సులో దింపాడు. ఈదుకుంటూ ఒడ్డుకు చేరాడు. ఇది మునిగిపోయింది. యుద్ధం అయిపోయింది... లోకం మర్చిపోయింది... చేపలు కాపురం పెట్టాయి.

నీళ్ళు తగ్గిన ఓ ఏడాది దీని తోక బయటపడింది. మా ఆయన కంట్లో పడింది. ఇంకేముంది, దాన్ని లాగించి మా షెడ్డుకు తెచ్చాడు, మా కొంప మునిగింది.

ఆయన రేకు కొట్టాడు. రేకు కొట్టాడు. మళ్ళీ రేకే కొట్టాడు.

ఒళ్ళంతా రేకే. తోక దగ్గర కదిలే పలకలకు మాత్రం గుడ్డ. ఆ కుట్టుపని నాది.

“నీ సవతికి నువ్వే బట్టలు కుడుతున్నావా వదినా?” అని మా ఆడపడుచు ఒకటే నవ్వు. నేనూ నవ్వాను. అప్పట్లో నవ్వే ఓపిక ఉండేది.

ఒక్కో కుట్టుకు ఒక్కో ముడి. ఒకటి తెగినా పక్కది ఊడకూడదు.

వేసవిలో నిచ్చెన మీద ఆయనకు కళ్ళు తిరిగాయి. కింద కూర్చోబెట్టి నీళ్ళు తాగించాను. కాసేపు నన్ను పోల్చుకోలేకపోయాడు. నన్ను!

ఆ తర్వాత మరోసారి, వంటింట్లో.

“ఎవరికీ చెప్పకు. ఒక్కసారి ఎగరనీ. తర్వాత నువ్వెలా అంటే అలా.”

డాక్టరు దగ్గరికి రమ్మంటే రాడు. పైలట్లకు చేసే ఆరోగ్య పరీక్ష అంతకుముందే పాసయ్యానని వాదన. మొదటిసారి పైకి తీసుకెళ్ళేది తనేనని పట్టు. ఉత్తరాల విమానం నడిపి రిటైరైన మనిషి, ఆ మొండితనం ఎక్కడికి పోతుంది?

ఒక్క ముడి వదులు చేస్తే చాలు. తనిఖీలో ఆపేస్తారు. సూది పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

చేతులు రాలేదు.

బిగించాను. ముడి తర్వాత ముడి... నా మొగుణ్ణి పైకి పంపే ముడులు నేనే వేశాను. ఏడుస్తూ వేశాను.

తనిఖీ అధికారి వచ్చాడు. తోక చుట్టూ తిరిగాడు. గుడ్డను వేలితో తట్టి చూశాడు.

“కుట్టు మీదేనా అమ్మా?”

“నాదేనండీ.”

“ఇంకేమైనా చెప్పాలా?”

మా ఆయన నా వైపు చూశాడు. వద్దన్నట్టు చూశాడు. బయట గాలికి గడ్డి వంగుతోంది, లేస్తోంది, వంగుతోంది.

“విమానం బాగానే ఉందండీ,” అన్నాను. “మనిషే బాగాలేడు.”

మా ఆయన నవ్వి కొట్టిపారేయబోయాడు. నవ్వు రాలేదు. “ఏం సార్, నిజమేనా?” అని అధికారి అడిగాడు.

“నిజమే.”

మా ఆయన చేతి తొడుగులు తీసి రెక్క మీద పెట్టాడు.

మరుసటి వారం వేరే పైలట్ ఎక్కాడు. ఇంజను మోతకు షెడ్డు రేకులు అదిరాయి. గడ్డి అంతా ఒక పక్కకు ఒరిగింది. చక్రాలు నేల వదిలాయి — అన్నేళ్ళ మా బతుకు, అంత తేలిగ్గా.

ఆయన చేయి పట్టుకోబోయాను. లాక్కున్నాడు.

లాక్కోనీ. కోప్పడటానికైనా మనిషంటూ ఉండాలిగా. అలిసిపోయాను, ఇంకేం ఆలోచించలేను.

గాలి... మబ్బు... మబ్బు పక్కన చిన్న చుక్క.

“ఎడమ రెక్క కొంచెం వాలుతోంది,” అన్నాడు. నాతో కాదు.

“ఊఁ,” అన్నాను.